కుక్కరు మూడో కూత

బ్రాడీపేటలోని ఒక బ్యాంకు కౌంటరు వెనుక కూర్చునే యువకుడు మా బాబాయిని చూసి నవ్వి, ‘ఇంత చదువుకుని ఎలా మోసపోయారు సార్?’ అని అడిగాడు. అంతటి లోతైన ప్రశ్నకు సమాధానం బాకీ ఉంచడం మర్యాద కాదు కనుక ఆ యువకుడి విజ్ఞానార్థం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా బాబాయి ఆడిట్ శాఖలో జీవితమంతా గడిపి, రెవెన్యూ స్టాంపు లేని బిల్లును ఎంత పెద్ద అధికారి పంపినా వెనక్కి కొట్టిన మనిషి. ఆయన ఆధార్‌తో బుక్ చేసిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని, ముంబయి పోలీసునని చెప్పుకున్న ఒక ఖాకీ చొక్కా వాట్సాప్ వీడియోలో ప్రకటించింది. తెనాలి దాటి పార్శిల్ పంపి ఎరుగని బాబాయి వెంటనే గది తలుపు గడియ వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోను ముందు నిటారుగా కూర్చుని ‘డిజిటల్ అరెస్టు’ అయిపోయారు. పిన్ని కిటికీలోంచి పెసరట్టు అందిస్తే, చిన్నప్పుడు ‘ప్రాథమిక’ పరీక్ష పాసైన హిందీలో ఉపాహారానికి అనుమతి కోరారు. అనుమతి వచ్చేసరికి పెసరట్టు చల్లారింది. వంటింట్లో కుక్కరు మూడో కూత వేయగానే, ‘ఏమిటా శబ్దం? ఎవరికి సంకేతాలు?’ అని చొక్కా గద్దించింది. అది కందిపప్పేనని బాబాయి లేచి నిలబడి ప్రమాణం చేశారు.

అరెస్టు ఎలా చేయాలో చెప్పే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితను భూతద్దంతో వెతికినా వాట్సాప్ సంకెళ్లు కనిపించవు. అదే ఏడాది అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలోనూ ఈ మాటే చెప్పారు. బాబాయి విన్నారు కూడా. అయితే భయం పట్టినవాడికి విన్నది గుర్తుండదు.

మూడో రోజు, కాల్ ఆపని ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా చెప్పిన ‘ఆర్‌బీఐ పరిశీలన’కు డబ్బు పంపడం కోసం ఆయన అదే కౌంటరుకు వచ్చారు. నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేసి, ఊరూ పేరూ తెలియని ఖాతాకు డబ్బు బదిలీ చేసే ఆర్‌టీజీఎస్ ఫారం నింపుతూ చెమటలు కక్కుతున్న ముసలివాణ్ణి ‘ఎందుకండీ?’ అని అడిగిన నాథుడు లేడు. పోయిన సంక్రాంతికి పిన్ని తన సొంత పదివేలు తీసుకోబోతే, సంతకంలో ‘క్ష్మి’కి మ వత్తు సరిగా తిరగలేదని రెండు గంటలు నిలబెట్టిన కౌంటరు కూడా ఇదేనయ్యా! ఆ వత్తుల శాస్త్రం ఆ రోజు ఏ గంగలో కలిసింది? ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు గానీ, డబ్బు పోయాక నవ్వడానికి మాత్రం వచ్చిందా?

వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేసి ఉంటే దారిలో ఉన్న డబ్బును ఎక్కడో ఒక ఖాతాలో ఆపించే అవకాశమైనా ఉండేది. బాబాయి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇలాంటి నవ్వుకు జడిసే చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో డబ్బు మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఎన్ని ఖాతాలు మారిందో!

మొన్న ఆదివారం పిన్ని పప్పు వండుతోంది. కుక్కరు మూడో కూతకు బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.