టోపీ తీసి కూర్చున్న కానిస్టేబుల్
మానసికంగా కుదేలైన వాళ్ల దగ్గరికి పోలీసులూ వైద్య సిబ్బందీ కలిసి వెళ్లాలని మీ పత్రికలో వ్యాసం రాశారు, బాగుంది. మూడేళ్ల కిందట కావలిలో మా పక్కింటి కుర్రాడు అర్ధరాత్రి మేడ పిట్టగోడ ఎక్కి కూర్చున్నాడు. 112కి ఫోన్ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఒకాయన లాఠీ ఊపుతూ కేకలేస్తే వాడు ఇంకా అంచుకి జరిగాడు. పెద్దాయన మాత్రం టోపీ తీసి కింద చతికిలబడి, 'అన్నం తిన్నావా అబ్బయా' అన్నాడు. గంటకి దిగాడు. అసలు తంటా ఆ తర్వాతే. ఎక్కడికి తీసుకెళ్లాలో ఎవరికీ తెలియక తెల్లారేదాకా స్టేషన్ బెంచీ మీదే ఉంచారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటివాళ్లని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేస్తే ఏ రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు స్టేషన్ గోడ మీద రాయించడానికి ఎంతవుతుందండీ?