సంతకం పెట్టలేక ఉద్యోగం వదిలాడు, గుట్టుగా ఉంచమని పుస్తకం రాశాడు

నీతి గురించి పాఠం చెప్పే ప్రొఫెసర్ ఆ నీతితోనే బతకాలా అని అడిగితే అందరూ బతకాలనే అంటారు, లేకపోతే శ్రీరంగ నీతులు అని ఎత్తిపొడుస్తారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ విషయంలో నా గొడవ వేరు. ఆయన బతుకు బాగానే ఉంది, పేచీ అంతా రాసినదానితోనే.

1859లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఫెలో అయ్యాడు. ఆ పదవిలో ఉండాలంటే ఆంగ్లికన్ చర్చి చెప్పే 39 సూత్రాలకు కట్టుబడినట్టు సంతకం పెట్టాలి. నమ్మకం లేనివాళ్లు కూడా ఫార్మాలిటీయే కదా అని పెట్టేసేవాళ్లు. ఈయనా పెట్టాడు, కానీ నమ్మకం సడలేకొద్దీ ఆ సంతకం ఆయన్ని తినేసింది, చివరికి 1869లో రాజీనామా చేశాడు. కాలేజీ ఆయన్ని వదులుకోలేక, సంతకం అక్కర్లేని లెక్చరర్ పోస్టు ఒకటి ఇచ్చి ఉంచుకుంది. రెండేళ్లకు పార్లమెంటే చాలా పదవులకు ఆ షరతు ఎత్తేసింది. 1883లో నైట్‌బ్రిడ్జ్ మోరల్ ఫిలాసఫీ ప్రొఫెసర్ అయ్యాడు. ఈ మధ్యలోనే 1871లో అయిదుగురు అమ్మాయిలు ఉండి చదువుకోవడానికి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, అదే తర్వాత న్యూన్‌హామ్ కాలేజీ అయింది. (అమ్మాయిలకు కేంబ్రిడ్జ్ పూర్తి డిగ్రీ ఇచ్చింది మాత్రం 1948లో. అది ఇంకో కథ.)

ఇలాంటి మనిషి 1874లో 'ద మెథడ్స్ ఆఫ్ ఎథిక్స్' రాశాడు. ఎక్కువమందికి సుఖం కలిగించేదే సరైన పని అనే లెక్కను చివరిదాకా పట్టుకుపోయి, బయటపడితే తప్పయ్యే పని గుట్టుగా చేస్తే ఒప్పు కావచ్చన్నాడు, పైగా ఈ సిద్ధాంతం కూడా జనానికి తెలియకుండా ఉంటేనే మంచిదన్నాడు. రహస్యంగా ఉంచాల్సిన మాటను అచ్చేసి అమ్మడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. తర్వాతి తరం ఇంగ్లిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ దీన్ని వలస పాలకుల గవర్నర్ బంగళా ఆలోచన అని ఎద్దేవా చేశాడు: తెలిసినవాళ్లు కొందరు పైన కూర్చుని లెక్కలు వేస్తారు, కిందివాళ్లు రూల్స్ పాటిస్తారు. ఆ దెబ్బ సరిగ్గానే తగిలిందని నా అభిప్రాయం.

అయితే ఇది ద్వంద్వ నీతి అని కొట్టిపారేయలేను. తన పేరుతో అబద్ధం నిలబడకూడదని రాజీనామా చేశాడే గానీ, బయటికొచ్చాక మతం మీద యుద్ధమేమీ ప్రకటించలేదు. తాను అబద్ధమాడకపోవడం ఒకటి, తెలిసిన నిజమంతా ఊరంతా చాటడం ఇంకొకటి. ఆ తేడా మనిషి తన వరకు పాటించుకుంటే మర్యాద, దాన్నే సమాజానికి సూత్రంగా రాస్తే ప్రమాదం. ఆయన ఈ గీత దాటాడు.

తన సుఖం, లోక సుఖం రెండూ ఢీకొంటే బుద్ధి ఎటు మొగ్గాలో ఆయనకు చివరిదాకా తేలలేదు. చచ్చాక ఇంకో బతుకుంటే ఈ లెక్క సరిపోతుందనే ఆశ కూడా ఉండబట్టే కాబోలు, ఆత్మల పరిశోధనకు 1882లో పెట్టిన సొసైటీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. మొదటి ఎడిషన్‌ను 'వైఫల్యం' అనే మాటతో ముగించాడు, 1900లో చనిపోయేదాకా పుస్తకం దిద్దుతూనే ఉన్నాడు. తర్వాతి ఎడిషన్లలో ఆ ముగింపు మారింది. గుట్టు గురించిన పేరా మాత్రం ఏడో ఎడిషన్‌లోనూ అలాగే ఉంది.