ఆలస్యంగా వచ్చిన టచ్‌డౌన్

మా బావమరిది స్నేహితుడెవరో చివరి నిమిషంలో రానన్నాడు కాబట్టి ఆ మిగిలిన టికెట్టు నా నెత్తిన పడింది. "టీవీలో చూడటం కూడా ఒక చూడటమేనా బావగారూ! ఈ ఆటను స్టేడియంలో కూర్చుని అనుభవించాలి" అని శుక్రవారం నుంచి ఊదరగొట్టిన ఆ మహానుభావుడు, టికెట్టు ధరలో నా వాటా ఎంతో మాత్రం కారెక్కిన తరువాతే చెప్పాడు. అమెరికాలో గ్రేట్ లేక్స్ ప్రాంతం, డిసెంబరు నెల, పైకప్పు లేని స్టేడియం, మధ్యాహ్నం ఒంటిగంటకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. తక్కిన ప్రయాణాన్నీ, పార్కింగు నుంచి గేటు దాకా సాగిన పాదయాత్రనూ వదిలేస్తున్నాను. తలుచుకుంటే మోకాళ్ళు మళ్ళీ మొదలుపెడతాయి.

గేటు దగ్గర మాత్రం కాస్త ఆగక తప్పదు. 2013 నుంచి ఎన్ఎఫ్ఎల్ (ఈ ఫుట్‌బాల్ లీగు) ఆటలకు అరచేతి పర్సును మించిన సంచి ఏది తెచ్చినా, లోపలి సామాను పైకి కనిపించే ప్లాస్టిక్ సంచే అయి ఉండాలన్నది నిబంధన. దాని పుణ్యమా అని నా బీపీ మాత్రలూ, అమృతాంజనం సీసా, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోరా వరుసలో ఉన్నవారందరికీ దర్శనమిచ్చాయి. మాత్రలకూ అమృతాంజనానికీ ప్రవేశం దొరికింది. పులిహోర పొట్లాన్ని మాత్రం గేటు దగ్గరి మనిషి రెండు వేళ్ళతో పైకెత్తి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, ఆ పసుపు రంగునూ అందులోని ఎండుమిరపకాయనూ కాసేపు పరిశీలించి, మారుమాట లేకుండా చెత్తబుట్ట వైపు చూపించాడు. లోపలికి వెళ్ళి తినుబండారాల ధరల పట్టిక చదివిన తరువాత, ఆ నిర్ణయానికి ప్రేక్షకుల భద్రత ఒక్కటే కారణం కాదని నాకు రూఢి అయింది.

నేను ఈ ఆటను ఏళ్ళ తరబడి మా ఇంటి సోఫాలోంచి శ్రద్ధగా చూస్తున్నవాణ్ణి. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలనీ, పోలేకపోతే బంతిని ఎదుటివారికి వదులుకోవాలనీ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పదో గజం ఎక్కడుందో టీవీలో ఒక పసుపు గీత చూపిస్తుంది. 1998 సెప్టెంబరులో ఈఎస్‌పీఎన్ ప్రసారంలో మొదటిసారి కనిపించిన ఆ గీతను గీసేది కంప్యూటరేనని తెలిసి కూడా, కుర్చీలో కూలబడిన మరుక్షణం నుంచి నా కళ్ళు దానికోసమే వెతికాయి. గీత లేదు. మైదానం అంచున మాత్రం, మా మండల సర్వేయరు పొలం కొలవడానికి దిగినట్టు, రెండు నారింజ రంగు కర్రలూ, వాటి నడుమ పది గజాల గొలుసూ పట్టుకొని కొందరు నిలబడి ఉన్నారు. 2025 నుంచి కొలతలు తీసే పని కెమెరాలకు అప్పగించినా, ఆ గొలుసు ఉద్యోగాలు మాత్రం పోలేదట. మేము కూర్చున్న పై అంతస్తు నుంచి చూస్తే, ఇరవై ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడటం తప్ప, బంతి ఎవరి చంకలో ఉందో కనిపెట్టడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

దానినైనా సహించవచ్చును గాని, విరామాలను సహించడం కష్టం. ఇంట్లో ఉన్నప్పుడు ప్రకటనలు ఆటను ముక్కలు చేస్తున్నాయని తిట్టుకొనేవాణ్ణి. స్టేడియంలో ఆ ప్రకటనలు ఉండవు, వాటికోసం ఇచ్చిన విరామాలు మాత్రం ఉంటాయి. నారింజ రంగు తొడుగులు వేసుకున్న ఒక మనిషి గట్టు మీదికి వచ్చి నిలబడతాడు. అతడు అలా నిలబడినంతసేపూ మహాకాయులైన ఆటగాళ్ళందరూ నడుముల మీద చేతులు పెట్టుకొని ఆకాశం చూస్తూ ఉంటారు. మూడు గంటలకు పైగా సాగే ఒక ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలేనని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కకట్టింది. తక్కిన కాలంలో ఇంటి దగ్గర ఉన్నవారు టీ పెట్టుకుంటారు, స్నానం కూడా చేయవచ్చును. డబ్బు కట్టి వచ్చిన మేము మాత్రం, రాని వారు ట్రక్కుల ప్రకటన చూడటం ముగించేదాకా చలిలో వేచి ఉండాలి. ఒకప్పుడు జట్ల యజమానులు, టీవీలో చూపిస్తే జనం స్టేడియానికి రారన్న భయంతో, సొంత ఊళ్ళో జరిగే ఆటను ఆ ఊరి టీవీలో రానిచ్చేవారు కాదు. ఆటకు 72 గంటల ముందు టికెట్లన్నీ అమ్ముడైతే చూపించి తీరాలని 1973లో చట్టం వచ్చింది. 2015 నుంచి ఆ కట్టడి మొత్తాన్నే పక్కన పెట్టేశారు. ఇప్పుడు వాళ్ళకు ఆ భయం ఎందుకు లేదో నాకు ఆ కుర్చీలో బోధపడింది. ఆట జరిగేది టీవీ కోసం. మేము అందులో సెట్టింగులో భాగం.

రెండో క్వార్టరు నడుస్తూండగా మా బావమరిది నాచోస్ తెస్తానని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. చెవులు గడ్డకట్టుకుపోతున్నందున మంకీ క్యాప్ కిందికి లాక్కొని, లోపల ఇయర్‌ఫోన్లు దోపుకొని, మా అత్తగారి మెరూన్ శాలువాను నెత్తి మీదుగా కప్పుకొని, ఆ గుడారంలో ఫోను తెరిచి అదే ఆట ప్రసారం పెట్టుకున్నాను. ఎంత హాయి! పసుపు గీత వచ్చింది. బంతి కనిపించింది. ఎవరు ఎందుకు పడ్డారో చెప్పే పెద్దమనుషుల గొంతులు వచ్చాయి. ఒక్కటే తేడా ఉంది, అది ఎవరూ ముందుగా చెప్పని తేడా. నా ముందున్న కెమెరా పట్టిన దృశ్యం స్టేడియం బయటి ప్రసార వాహనానికి వెళ్ళి, అక్కడి నుంచి చానెల్ వారి కేంద్రానికి ప్రయాణించి, అక్కడ ముక్కలు ముక్కలుగా కుదించబడి, ఇంటర్నెట్ మీదుగా దేశాటనం చేసి, తిరిగి నా అరచేతిలో వాలేసరికి ముప్పావు నిమిషానికి పైనే పడుతుంది.

ఇక్కడ స్టేడియం మర్యాద ఒకటి చెప్పాలి. ఎదుటి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు, వారి ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ కేకలు వారికే వినపడకుండా గొంతులు పగిలేలా అరవాలి; 2014లో కాన్సస్ సిటీ ప్రేక్షకులు ఇలాగే అరిచి 142.2 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డు కొట్టారు. సొంత జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు మాత్రం గుడిలో ఉన్నంత నిశ్శబ్దం పాటించాలి.

నా గుడారం వెలుపల ఏం జరిగిందో తరువాత తెలిసింది. మా క్వార్టర్‌బ్యాక్ ఎక్కడి నుంచో బంతిని ఆకాశానికి విసిరాడు. మావాడు దాన్ని మైదానం కొసనున్న ఎండ్‌జోన్‌లో ఒడిసి పట్టాడు, అదే టచ్‌డౌన్. జనమంతా లేచి ఊగిపోయారు. ఆ గడ్డ మీద జనం లేవడం, ఊగడం నిముషానికొకసారి ఉండేదే కాబట్టి నేను తల ఎత్తలేదు. అంతలో తప్పు జరిగిందని రెఫరీల పసుపు జెండా పడింది. తెల్ల టోపీ రెఫరీ మైకులో హోల్డింగ్, అంటే మావాడొకడు ఎదుటివాణ్ణి పట్టి ఆపాడని ప్రకటించి, టచ్‌డౌన్ చెల్లదని పది గజాలు వెనక్కి నెట్టాడు. జనం ఆయన వంశాన్నంతటినీ తలుచుకొని, కూర్చొని, నోళ్ళు మూసుకున్నారు. జరిమానా తరువాత మళ్ళీ ఆట మొదలుపెట్టడానికి 25 సెకన్ల గడువు. అది అయిపోవస్తోంది. క్వార్టర్‌బ్యాక్ వంగి సంకేతాలు ఇస్తున్నాడు. మంచు రాలితే వినిపించేంత నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడు నా ఫోనులో టచ్‌డౌన్ అయింది.

"కొట్టాడ్రా!" అని శాలువాతో సహా లేచాను. రెండు చేతులూ పైకెత్తాను. ఇయర్‌ఫోన్లు ఉన్నందువల్ల నా గొంతు ఎంత దూరం వెళ్ళిందో నాకు తెలియదు. ముందు వరుసలోని పెద్దాయన కాఫీ ఒలికిన తీరును బట్టి బాగానే వెళ్ళి ఉండాలి. ఆ కేక పూర్తవుతూండగానే మా జట్టు లైన్‌మన్ ఒకడు బంతి కదలకముందే ముందుకు ఉరికాడు. ఫాల్స్ స్టార్ట్, ఇంకో ఐదు గజాలు వెనక్కి. అంత ఎత్తు నుంచి, ఊలు టోపీలోంచి, తెలుగులో అరిచిన అరుపుకు మూడు వందల పౌన్ల మనిషి ఉలిక్కిపడ్డాడని అనడం భౌతికశాస్త్రానికే అవమానం. అయినా మా వరుసలోని వారందరూ నా వైపే చూశారు.

చుట్టూ నవ్వు పుట్టింది. ముందు ఎందుకో తెలియక పెద్ద తెర వైపు చూశాను. శాలువా కప్పుకున్న ఒక పొట్టి మనిషి, కళ్ళు ముక్కు తప్ప ఏమీ కనిపించకుండా, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నాలుగంతస్తుల ఎత్తున నిలబడి ఉన్నాడు. ఎవరో పాపం, పిచ్చివాడు అనుకున్నాను. నేను చేతులు దించాను. అతడూ దించాడు.

కూర్చున్నాను. పక్కనున్న కుర్రవాడు నా వీపు తట్టాడు. అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకోబోతూ ఫోను వైపు చూసినప్పుడు గాని, అసలు ప్రమాదం ఇంకా దారిలోనే ఉందని నాకు తట్టలేదు. ఆ దృశ్యం చానెల్ కేంద్రానికి వెళ్ళి, ముక్కలై, దేశాటనం చేసి తిరిగి రావాలి కదా! ముందు నా ఫోనులో పసుపు జెండా పడింది. చెల్లని టచ్‌డౌన్‌కు నేను ఒంటరిగా, అందరి తరువాత, విచారించాను. తరువాత రెఫరీ వచ్చాడు. తరువాత లైన్‌మన్ ఉరికాడు. ఆ తరువాత ఏం రాబోతోందో నాకు తెలుసు. ఫోను ఆపేయడానికి చేతి తొడుగులతో తెరను ఎంత రుద్దినా అది లొంగలేదు. శాలువా మనిషి మళ్ళీ లేచాడు. వ్యాఖ్యాతలు ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడనంతగా నవ్వుకున్నారు. ఒకే అవమానాన్ని ఒకసారి ప్రత్యక్షంగానూ, ఒకసారి ప్రసారంగానూ, అదీ నా డేటా ఖర్చుతో అనుభవించిన మనిషి ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మరో క్షణంలో కుటుంబ వాట్సాప్ గ్రూపు కదిలింది. కాలిఫోర్నియాలోని మా పెదనాన్న కూతురు టోపీని బట్టి పోల్చుకుందట. మా ఆవిడ మాత్రం, శాలువా జాగ్రత్త, అమ్మది అని రాసింది.

మా బావమరిది అప్పుడు వచ్చాడు, సగం తిన్న నాచోస్‌తో.

"క్యూ దగ్గర టీవీ ఉంది బావగారూ, చూశాను" అన్నాడు. "మా బావగారని ఎవరితోనూ అనలేదు లెండి."

మైదానంలోకి నారింజ తొడుగుల మనిషి మళ్ళీ వచ్చాడు. ఆట ఆగింది. నాచోస్‌లో నా వాటా ఇంతని చెబుతూ ఫోను టంగుమంది. అది మాత్రం ఒక్క సెకను కూడా ఆలస్యం కాలేదు.