మంచి హాస్పిస్‌ని గుర్తుపట్టడం ఎలా అని తిరుగుతున్న ఆ ఫార్వర్డ్‌ని నమ్మకండి

కొన్ని నెలలుగా ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మీ పెద్దవాళ్లను హాస్పిస్‌లో చేర్చే ముందు ఈ ఆరూ చూసుకోండి" అని మొదలవుతుంది. హాస్పిస్ అంటే జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్లని ఉన్నన్నాళ్లు బాధ లేకుండా చూసుకునే చోటు. ఆ ఆరూ ఏమిటంటే: గూగుల్‌లో మంచి రేటింగ్, ఏసీ సింగిల్ రూమ్ ఉండాలట. ఐసీయూ, వెంటిలేటర్ ఉంటేనే అసలైన హాస్పిస్ అట. మార్ఫిన్ ఇస్తామన్నారంటే వెంటనే బయటపడాలట, అది మనిషిని తొందరగా పంపించేసే మందు కాబట్టి. చేరిన వారం పది రోజుల్లో ఎక్కువమంది పోతున్నారంటే ఆ చోటు మంచిది కాదట. డబ్బు తీసుకోని చోట పట్టించుకోరట. ఒకసారి చేర్చాక ఇక ఇంటికి పంపరట.

ఈ ఆరింట్లో ఒక్కటీ నిలబడదు. ఊరికే వదిలేద్దును గానీ, ఇది చదివి మా బంధువుల్లో ఒకావిడ తన భర్తకి డాక్టర్ రాసిన మార్ఫిన్ మాత్రల్ని బీరువాలో పడేసి పారాసెటమాల్ వేస్తూ కూర్చుంది. ఆయనకి ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముక దాకా పాకింది. రాత్రిళ్లు మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించుకునేవారు. నేను ఇళ్లకు వెళ్లే ఒక పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) టీమ్‌తో వాలంటీర్‌గా తిరుగుతుంటాను, ఇలాంటి ఇళ్లు చాలానే చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మెసేజ్‌లో మూడోది అయినా మార్ఫిన్ సంగతే ముందు చెప్తాను, ఎందుకంటే అన్నింటికంటే ఎక్కువ హాని చేసేది అదే. నొప్పికి తగ్గట్టు చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మనిషిని చంపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మెట్లవారీగా మందులు వాడే పద్ధతిని 1986లోనే ప్రకటించింది, తీవ్రమైన నొప్పికి అందులో పై మెట్టు మందు మార్ఫినే. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వికారం ఉంటుంది, తర్వాత చాలామందికి అవి సర్దుకుంటాయి. సాధారణంగా సర్దుకోనిది మలబద్ధకం. అందుకే ఈ విషయం తెలిసిన డాక్టర్ మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాస్తారు. మీరు ఏ హాస్పిస్‌కి వెళ్లినా, మార్ఫిన్ రాసి ఆ రెండో మందు రాయలేదంటే అక్కడ ఈ పని సరిగ్గా తెలిసినవాళ్లు లేరేమో అని అనుమానించండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి డోసు తగ్గిస్తారు, లేదా చర్మానికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్ లాంటి వేరే మందుకి మారుస్తారు. ఇవన్నీ తెలిసి చేసే వైద్యం, మనిషిని వదిలించుకునే ఏర్పాటు కాదు.

ఇంకోటి, మార్ఫిన్ పెట్టుకోవడం ఎవరికిపడితే వాళ్లకి కుదరదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఏళ్ల తరబడి లైసెన్సు మీద లైసెన్సు కావాల్సి వచ్చేది, చాలా ఆసుపత్రులు ఈ గోల మనకెందుకని మానేశాయి. పాలియేటివ్ కేర్ డాక్టర్లు చాలాకాలం పోరాడాక 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు మార్ఫిన్‌తో కలిపి ఆరు మందుల్ని అత్యవసర మందులుగా గుర్తించి, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ శాఖ గుర్తింపు పొందిన సంస్థలు వాటిని నిల్వ ఉంచుకునే వీలు కల్పించారు. అంటే మార్ఫిన్ ఉన్న హాస్పిస్ ఆ గుర్తింపు తెచ్చుకుంది, స్టాకు రిజిస్టరు రాస్తోంది, లెక్క చెప్పే బాధ్యత తీసుకుంది అన్నమాట. మార్ఫిన్ లేకుండా "పాలియేటివ్ కేర్" అని బోర్డు పెట్టుకున్న చోట్లు కూడా ఉన్నాయి. మా పెద్దమ్మకి నోటి క్యాన్సర్ ముదిరినప్పుడు మేం మొదట చేర్చింది అలాంటి చోటే. లాబీలో మార్బుల్ మెరుస్తూ ఉంటుంది. ఆవిడ నొప్పికి కేక పెడితే ఏదో ఇంజెక్షన్ చేసేవాళ్లు, అది రెండు గంటలకే దిగిపోయేది, మళ్లీ కేక పెట్టేదాకా ఎవరూ రారు.

తర్వాత మారిన చోట బెడ్ పక్కన ఒక చార్టు వేలాడుతుండేది. నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ టైములు, ఇచ్చిన సిస్టర్ సంతకం, పక్కనే నొప్పికి ఒక గడి. "పెద్దమ్మా, ఇప్పుడు నొప్పి పదికి ఎంత?" అని అడిగి ఆవిడ వేళ్లతో చూపించిన అంకె అందులో వేసేవాళ్లు. నోరు తెరవలేని మనిషికి వేళ్లు చాలు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఇచ్చే డోసు ఎంతో కూడా డాక్టర్ ముందే రాసిపెట్టేవారు, కాబట్టి అర్ధరాత్రి ఎవర్నీ బతిమాలుకునే పని లేదు. మీరు హాస్పిస్ చూడటానికి వెళ్తే ఆ చార్టు గురించి అడగండి. ఎవరి వివరాలూ చూపించక్కర్లేదు, ఖాళీ చార్టు చూపించి ఎలా రాస్తారో చెప్పమనండి. రాత్రి రెండింటికి నొప్పి వస్తే ఎవరు ఇస్తారు, ఎంతసేపట్లో ఇస్తారు అని సూటిగా అడగండి. ఈ రెండు ప్రశ్నలకి తడుముకుంటే మిగతావి అడగక్కర్లేదు.

ఇక ఐసీయూ, వెంటిలేటర్. జబ్బు నయం చేసే దారి మూసుకుపోయాక, ఉన్నన్నాళ్లు బాధ లేకుండా ఉంచడానికే హాస్పిస్. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టర్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టింది అందుకే, 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్ వచ్చింది అందుకే. గొంతులో గొట్టం వేసి, చేతులు కట్టేసి, ఇంట్లోవాళ్లని అద్దం అవతల నిలబెట్టడం వద్దనుకున్నవాళ్లే అక్కడికి వస్తారు. వెంటిలేటర్ లేకపోవడం అక్కడ లోపం కాదు. చూడాల్సింది వేరే ఉంది: పరిస్థితి దిగజారితే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా, ఇక్కడే ఉంచాలా అని చేర్చుకునేటప్పుడే అడుగుతున్నారా? మాట్లాడగలిగే స్థితిలో ఉంటే ఆ ప్రశ్న రోగినే అడుగుతున్నారా? చెప్పిన జవాబు రాసుకుంటున్నారా? గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే పద్ధతిని 2023 జనవరిలో సులువు చేసింది కూడా, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరిస్తే చాలు. ఇది తెలియని హాస్పిస్ ఉందంటే ఆలోచించాల్సిందే.

మన ఇళ్లలో దీనికి అడ్డొచ్చేది ఇంకోటుంది. "ఆయనకి క్యాన్సర్ అని చెప్పకండి" అని కొడుకులు ముందే డాక్టర్ చెవిలో వేస్తారు. ఆయనకేమో ఎప్పుడో తెలుసు, పిల్లలు బాధపడతారని ఆయనా నోరు మెదపరు. మంచి టీమ్ అయితే బలవంతంగా చెప్పేయదు, అలాగని అబద్ధాల్లో భాగం కాదు. ఆయన దగ్గర కూర్చుని "మీకేం అనిపిస్తోంది" అని అడిగి ఊరుకుంటుంది. ఈ పని కోసం అక్కడ కౌన్సిలర్ ఉన్నారా అని అడగండి.

స్టార్ల సంగతి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల కోసం డాలస్‌లో కూర్చుని వెతుకుతారు కాబట్టి ఈ పాయింట్ వాళ్లలో బాగా పాకింది. అక్కడ మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వెబ్‌సైట్‌లో హాస్పిస్‌లకి 2022 నుంచి స్టార్లు ఇస్తున్నారు, నిజమే. కానీ ఆ స్టార్లు రోగి చనిపోయాక కుటుంబాన్ని ఒక పద్ధతి ప్రకారం అడిగి, పిలిస్తే టైముకి వచ్చారా, నొప్పి తగ్గించారా, గౌరవంగా చూశారా అన్న జవాబుల నుంచి లెక్కగట్టినవి. మన దగ్గర అలాంటి సర్వే లేదు. ఇక్కడ గూగుల్‌లో కనిపించే స్టార్లు పార్కింగ్ బాగుందని ఒకరు, రిసెప్షన్ అమ్మాయి చక్కగా మాట్లాడిందని ఒకరు, ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చినవి. ఏసీ కూడా అంతే, ఉంటే సుఖమే గానీ దానితో పుండు మానదు.

ఇక్కడున్న బంధువునెవరినైనా సాయంత్రం పూట, ముందు చెప్పకుండా పంపించండి. ముక్కుతో చూడమనండి ముందు. బయటికి పగిలిన క్యాన్సర్ పుండు వాసన భరించడం కష్టం, ఆ వాసనకే మనవలు గదిలోకి రావడం మానేస్తారు. కానీ దానికి మందుంది, మెట్రోనిడజోల్ మాత్రని మెత్తగా పొడి చేసి డ్రెస్సింగ్‌లో పుండు మీద చల్లితే వాసన బాగా తగ్గుతుంది, ఖరీదు కొద్ది రూపాయలు. వార్డంతా కుళ్లు వాసనో, దాన్ని కప్పిపెట్టే రూమ్ ఫ్రెషనర్ వాసనో కొడుతోందంటే ఆ కొద్ది రూపాయల పని జరగట్లేదు. తర్వాత పెదాలు చూడమనండి, ఎండిపోయి పగిలి ఉన్నాయా, తడిగుడ్డతో నోరు తుడుస్తున్నారా. కదల్లేనివాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా, ఎయిర్ బెడ్ ఉందా, ఇక్కడికొచ్చాక ఎంతమందికి వీపు మీద పుండ్లు పడ్డాయి అని అడగమనండి. "మా దగ్గర ఒక్కరికీ పడవు" అంటే ఆ మాటని నేను నమ్మను. "పడ్డాయి, ఇదిగో ఇలా చూసుకుంటున్నాం" అన్నవాళ్లని నమ్ముతాను.

"వారంలో పోతున్నారు" అన్నదానికి కారణం హాస్పిస్ కాదు, మనం. అన్ని ఆసుపత్రులూ తిరిగి, ఉన్న బంగారం అమ్మి, చివరికి ఇక ఏమీ లేదన్నాక, రేపోమాపో అన్నప్పుడు తీసుకొస్తాం. వారంలో కాకపోతే ఎప్పుడు పోతారు? దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద ఒక అధ్యయనం చేశారు. క్యాన్సర్ చికిత్సతో పాటే మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు, చికిత్స మాత్రమే అందినవాళ్లు 8.9 నెలలు. పైగా ముందు గుంపులో చివర్లో దూకుడు చికిత్సలు తీసుకున్నవాళ్లు తక్కువ. కాబట్టి ఎంతమంది పోయారన్నది అడిగి లాభం లేదు. చివరి రెండు రోజులు ఎలా చూస్తారో అడగండి. గొంతులో గురక వచ్చినప్పుడు చర్మం కిందికి సన్న సూదితో ఇచ్చే మందుందా, రాత్రంతా ఒక మనిషి పక్కనే ఉండనిస్తారా, తులసి తీర్థం పోయనిస్తారా, ఖురాన్ చదువుకోనిస్తారా, పాస్టర్‌ని రానిస్తారా. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది, ఓనరు శవాన్ని ఇంట్లోకి రానివ్వరు. హైదరాబాద్‌లో ఇది ఎంత సాధారణమో తెలిసిందే. ఆ కొన్ని గంటలు శరీరాన్ని ఉంచి, ఊరి నుంచి రావాల్సినవాళ్లు వచ్చేదాకా ఆగనిచ్చే హాస్పిస్ ఆ కుటుంబానికి చేసే మేలు ఏ రేటింగ్‌లోనూ కనపడదు.

ఉచితం అంటే నాసిరకం అన్నది ఒక్క మాటలో తేల్చేయొచ్చు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ రోగుల దగ్గర డబ్బు తీసుకోదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది, ఎందరో డాక్టర్లు, నర్సులు ఈ పని నేర్చుకున్నది అక్కడే. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికొచ్చే "ఆలన" వాహనాలు ప్రభుత్వానివే. డబ్బు తీసుకునేవన్నీ చెడ్డవని నేననను. కానీ తీసుకుంటే బిల్లులో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి. డయపర్లు, డ్రెస్సింగ్, ఆక్సిజన్, రాత్రి ఆయా, ఇవన్నీ విడివిడిగా వేసి నెల తిరిగేసరికి మొదట చెప్పినదానికి రెట్టింపు చేసే చోట్లున్నాయి.

ఒకసారి చేర్చాక పంపరు అన్న ఆఖరిది పూర్తి అబద్ధం. నొప్పి అదుపులోకి వచ్చాక చాలామంది ఇంటికి వెళ్తారు, వెళ్లాలనే హాస్పిస్ కూడా కోరుకుంటుంది, ఎందుకంటే ఆ బెడ్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. అప్పుడు చూడాల్సింది ఇంటికెళ్లాక ఏం చేస్తారన్నది. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్‌లో ఆహారం ఎలా పోయాలో, మూత్రం చేరే క్యాథెటర్ బ్యాగ్ ఎలా ఖాళీ చేయాలో, మార్ఫిన్ ఏ టైముకి ఎంతో ఇంట్లోవాళ్లకి చేతితో చేయించి నేర్పి పంపుతున్నారా? అర్ధరాత్రి ఫోన్ ఎత్తే నంబరు ఇస్తున్నారా? హోమ్ కేర్ నర్సు మీ ఏరియాకి వస్తారా? ఇంట్లోనే పోతే మరణ కారణం ధ్రువీకరిస్తూ డాక్టర్ ఇచ్చే ఫారం 4ఏ వాళ్లే ఇస్తారా? అది లేకపోతే మరణ నమోదు దగ్గర, తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర ఇంట్లోవాళ్లు తిరగాల్సి వస్తుంది, నమోదుకి గడువేమో 21 రోజులే. ఆ కాగితం సంగతి చేర్చుకునే రోజే అడిగి పెట్టుకోండి, అప్పుడైతే అడగడానికి నోరొస్తుంది.