గాయపడినవాడికి మెమోనా?

జాతీయ రహదారిపై నుజ్జయిన కారులోంచి ఇద్దరు పసిబిడ్డల మృతదేహాలను తన చేతులతో వెలికితీసిన కానిస్టేబుల్ ఒకరు, నెలలు గడిచినా నిద్రపట్టక చివరకు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఆయన రాసిచ్చిన కాగితాన్ని సెలవు దరఖాస్తుకు జతచేశారు. సెలవు రాలేదు, సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. వైద్యుడి కాగితం స్టేషన్‌లో చేతులు మారి నలుగురి నోళ్లలో నానింది. ఆ కానిస్టేబుల్ కోరిక మేరకు పేరును, స్టేషన్‌ను ప్రచురించడం లేదు.

దీన్ని ఒక్క మనిషికి జరిగిన అన్యాయంగా చూసి ఊరుకోలేం. నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండల మీదుగా ఒంగోలు దాటేవరకు 16వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదం జరిగితే పంచనామా రాసేదీ, మార్చురీ దాకా శవం వెంట వెళ్లేదీ, పరుగున వచ్చిన తల్లిదండ్రులకు ఆ మాట చెప్పవలసిందీ పోలీసులే. 2021 నవంబరులో పెన్నా వరద ఊళ్లను ముంచినప్పుడు నీళ్లలో దిగిందీ, 2022 డిసెంబరు 28 రాత్రి కందుకూరు తొక్కిసలాట 8 మందిని బలిగొన్నప్పుడు బందోబస్తులో ఉన్నదీ వాళ్లే. ఆ రాత్రులను ఇప్పటికీ ఎంతమంది మోస్తున్నారో అడిగినవారెవరు? ఇక అడిగినా చెప్పరు. చెబితే ఏం వస్తుందో ఈ మెమో చూపించింది.

ఇది పిరికితనం కాదు, పని ఎగ్గొట్టే ఎత్తూ కాదు. కళ్లు మూస్తే అదే దృశ్యం, బ్రేకు చప్పుడుకే ఉలికిపాటు, ఆ మలుపు దగ్గర డ్యూటీ అంటే అడుగు పడకపోవడం, సొంత బిడ్డలను కూడా దగ్గరకు తీసుకోలేకపోవడం. ఇవి నెల దాటినా తగ్గక బతుకును కుంగదీస్తుంటే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ జబ్బును 1980లోనే గుర్తించింది. 2013లో ఆ నిర్వచనాన్ని సవరించినప్పుడు, మృతదేహాల భాగాలను ఏరే సిబ్బందిని, చిన్నారులపై జరిగిన అఘాయిత్యాల వివరాలను పదేపదే వినవలసివచ్చే పోలీసులను ఉదాహరణలుగా పేర్కొంది. దీనికి చికిత్స ఉంది. శిక్షణ పొందిన నిపుణుడి ఎదుట ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా తవ్వి, దాని కోరలు తీసే మాటల చికిత్స సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు పడుతుంది. అవసరమైతే మందులూ తోడవుతాయి. ఏడాదికోసారి కల్యాణ మండపంలో ఒత్తిడిపై ఉపన్యాసం ఇప్పించి ఫొటోలు దిగడం చికిత్స కాదు. చికిత్స అందనివారిలో కొందరు మద్యం సీసాలో నిద్రను వెతుక్కుంటారు, అప్పుడు దానికీ ఇంకో మెమో ఇస్తారు.

క్రమశిక్షణే ఊపిరైన శాఖలో సెలవుల దుర్వినియోగాన్ని అరికట్టాలన్న అధికారుల వాదనను, చేతిలో ఆయుధం ఉన్నవారి విషయంలో జాగ్రత్త తప్పదన్న మాటను కాదనలేం. అయితే ఆయుధాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టించడం వైద్యుడి సలహాపై, చికిత్సలో భాగంగా జరగవలసిన పని. అది శిక్షగా మారిన రోజున, నిజంగా ప్రమాదకర స్థితిలో ఉన్నవాడు నోరు మూసుకుని తుపాకీతోనే డ్యూటీకి వస్తాడు. ఆయుధం గురించి అంత భయపడేవారు మొదట భయపడవలసింది ఈ మెమోకే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని శారీరక రోగితో సమానంగా చూడాలంటుంది. రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్యులపై పెట్టింది. వైద్యుడు దాచవలసిన రహస్యాన్ని స్టేషన్ బయటపెట్టవచ్చా? చట్టాన్ని అమలు చేయవలసిన చోటే ఇలా జరిగితే, ఫిర్యాదు పట్టుకుని ఆ గడప తొక్కే సామాన్యుడికి ఏ భరోసా? ఏటా అక్టోబరు 21న అమరులకు తుపాకులు తలకిందులు చేసి వందనం చేస్తాం. కాలికి తూటా తగిలినవాడిని ఆసుపత్రికి మోసుకెళ్తాం. మనసుకు తగిలినవాడిని మాత్రం సంజాయిషీ అడుగుతామా?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఘోర ప్రమాదానికో, పసిబిడ్డ శవ పంచనామాకో వెళ్లిన ప్రతి ఒక్కరినీ నెల తర్వాత ఒకసారి, పై అధికారి కంట పడకుండా, అక్కడి వైద్యుడు పలకరించే ఏర్పాటు చేయడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి స్టేషన్ గోడపై రాయించడానికి డబ్బా రంగు చాలు. కానీ మెమో నిలిచి ఉన్నంతకాలం ఆ నంబరుకు ఫోన్ చేసే కానిస్టేబుల్ ఉండడు, ఆ వైద్యుడికి నిజం చెప్పే హోంగార్డు ఉండడు.

కాబట్టి ఆ మెమోను ముందు రద్దు చేయాలి. ఎవరికీ తెలియకుండా ఫైలులో మూసేయడం కాదు, రద్దు చేశామని స్టేషన్లన్నిటికీ రాతపూర్వకంగా తెలపాలి. వైద్యుడి కాగితాన్ని నలుగురి చేతుల్లో పెట్టినవారిని సంజాయిషీ అడగాలి. ఆ మెమోపై సంతకం చేసిన అధికారి, తన కింద పనిచేస్తున్నవారిలో నిద్రపట్టనివారు ఇంకెందరున్నారో ఈ రాత్రికైనా ఆలోచించాలి.