ప్రేమ దక్కాలంటే ముందు పరీక్ష పాసవ్వాలా?

కొరియన్ సీరియల్ 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' (2022)లో ఒక చిన్న సన్నివేశం ఉంది. ఆటిజం ఉన్న లాయర్ వూ యంగ్ వూ, ఆమె ఆఫీసులోనే పనిచేసే లీ జున్ హో బయట కలిసి ఉండగా అతనికి పాత పరిచయం ఉన్న ఒకరు ఎదురవుతారు. ఆమెను చూసి, ఇంకా సేవా కార్యక్రమాలు చేస్తున్నావా అని జున్ హోని మెచ్చుకోలుగా అడుగుతారు. ఆ అడిగిన మనిషి చెడ్డవాళ్లేమీ కాదు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి కనిపిస్తే ఎవరికైనా మొదట వచ్చే ఊహ ఆ మనిషికి రాలేదు, అంతే.

ఆటిజం ఉన్నవాళ్ల ప్రేమకు అసలు అడ్డంకి చాలాసార్లు అక్కడే ఉంటుంది. మన సినిమాలు, నవలలు మాత్రం దాన్ని వాళ్లలోనే వెతుకుతాయి. 'పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లి అయితేగాని పిచ్చి కుదరదు' అని సామెత. ఆటిజం పిచ్చి కాదు, నయం చేయాల్సిన జబ్బూ కాదు. అయినా కథకులు ఆ సామెతలో మొదటి సగాన్ని గట్టిగా పట్టుకున్నట్టుంటారు. ముందు నిన్ను నువ్వు నిరూపించుకో, ప్రేమ సంగతి తర్వాత చూద్దాం అంటారు.

'మై నేమ్ ఈజ్ ఖాన్' (2010) సినిమాలో ఆటిజం ఉన్న రిజ్వాన్, మందిర దగ్గరయ్యే భాగం నాకు ఇప్పటికీ ఇష్టం. వాళ్లు విడిపోవడానికి కారణం ఆటిజం కాదు, 'ఖాన్' అన్న అతని ముస్లిం ఇంటిపేరు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. కానీ రిజ్వాన్ మంచితనానికి ఎక్కడా మచ్చ ఉండదు. భార్యకు మళ్లీ దగ్గరయ్యేలోగా అమెరికా అంతా తిరిగి, వరదల్లో చిక్కుకున్న ఊరివాళ్లకు సాయం చేస్తాడు. చివరికి ప్రెసిడెంట్‌ను కూడా కలుస్తాడు. మామూలు మొగుడిగా చిరాకుపడే వీలు అతనికి లేదు. 'బర్ఫీ' (2012)లో ప్రియాంకా చోప్రా వేసిన, ఆటిజం ఉన్న ఝిల్‌మిల్ పాత్రది ఇంకో దారి. ఆమె ప్రేమ నిజమైనదే, పక్కనున్న ఇలియానా పాత్రను చూసి అసూయ కూడా పడుతుంది. కానీ సినిమా ఆమెను ఎక్కువసేపు చిన్నపిల్లలాగే చూపిస్తుంది. ఒకరు మహాత్ముడు, ఒకరు పసిపాప. మధ్యలో ఉండే మామూలు మనిషికి చోటు లేదు.

'ది రోజీ ప్రాజెక్ట్' (2013) అనే ఆస్ట్రేలియా నవలలో డాన్ టిల్‌మన్ జెనెటిక్స్ ప్రొఫెసర్. అతనికి ఆటిజం ఉందని నవల నేరుగా చెప్పదు, పాఠకులకే అర్థమవుతుంది. భార్యను వెతకడానికి అతను 16 పేజీల ప్రశ్నపత్రం తయారు చేస్తాడు. ఆ నవలలో నవ్వంతా దాని చుట్టూనే. తెలుగువాళ్లు దానికి అంతగా నవ్వాల్సిన పని లేదని నాకనిపిస్తుంది. ఎత్తు, రంగు, గోత్రం, నక్షత్రం, పాదం, జీతం, గ్రీన్ కార్డు అంటూ మన మ్యాట్రిమొనీ సైట్లలో నింపేది ఏమిటి మరి? నిజానికి ప్రశ్నలు ముందే రాసి ఉంచే పద్ధతి ఆటిజం ఉన్న చాలామందికి నయమే, ఎదుటివాళ్లకు ఏం కావాలో ఊహించే టెన్షన్ ఉండదు. కష్టం ఆ తర్వాత వస్తుంది. పెళ్లిచూపుల్లో 'కాసేపు ఇద్దరూ మాట్లాడుకోండి' అని మేడ మీదికి పంపుతారు. ఆ పావుగంటలో కళ్లలోకి చూడాలి, తగినంత నవ్వాలి, మాటలో దాగిన మాటను పట్టుకోవాలి. అది చేయలేకపోతే 'పొగరు' అనో 'మాలోకం' అనో పేరు పెట్టి మేడ దిగుతారు.

బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ తానూ ఆటిజం ఉన్న పరిశోధకుడే. అపార్థం రెండు వైపుల నుంచీ ఉంటుందని 2012లో ఆయన రాశాడు. ఆటిజం ఉన్నవాళ్లకు మనం అర్థం కానట్టే, మనకూ వాళ్లు అర్థం కారు. ఈ మాట గుర్తుంచుకున్న కథలే నిలబడతాయి. యంగ్ వూ చుట్టూ ఉన్న శబ్దాలకు, కంగారుకు తట్టుకోలేనప్పుడు జున్ హో ఆమెను గట్టిగా అదిమి పట్టుకుంటాడు. ఆ ఒత్తిడి ఆమెకు ఊరటనిస్తుంది. ఇక్కడ నేర్చుకున్నది అతను.

'ది కిస్ కోషెంట్' (2018) రాసిన హెలెన్ హోంగ్‌కు తనకు ఆటిజం ఉందని ముప్పైల్లో తెలిసింది. ఆ నవలలో ఆటిజం ఉన్న స్టెల్లా తనలోనే లోపం ఉందనుకుని, డబ్బిచ్చి మరీ ప్రేమపాఠాలు నేర్చుకోవాలనుకుంటుంది. కథ నడిచేకొద్దీ ఆ ఆలోచనే తప్పని తేలుతుంది. లోపలి నుంచి రాసినవాళ్లకు అందే నిజం ఇది. ఆటిజం ఉన్న కుర్రాడి కథ చెప్పే అమెరికన్ సీరియల్ 'అటిపికల్'లో ముఖ్యపాత్ర వేసిన నటుడికి మాత్రం ఆటిజం లేదు. విమర్శలు వచ్చాకే రెండో సీజన్‌లో ఆటిజం ఉన్న నటులను ఎక్కువమందిని తీసుకున్నారు.

యంగ్ వూ వాదించే కేసుల్లో ఒకదానిలో మేధో వైకల్యం ఉన్న ఒక యువతి, ఆమెపై లైంగిక దాడి చేశాడన్న అభియోగం ఉన్న ప్రియుడు ఉంటారు. అతను మంచివాడేమీ కాదు. అయినా, వైకల్యం ఉన్నవాళ్లకు చెడ్డవాణ్ని ప్రేమించే స్వేచ్ఛ కూడా ఉండదా అని యంగ్ వూ అడుగుతుంది. ఈ అంశం మీద నేను చూసినవాటిలో ఇంత ధైర్యమైన ప్రశ్న లేదు. వాళ్లు మోసపోతారన్న భయం అర్థం లేనిది కాదు. ఆ భయంతో తలుపులన్నీ మూసేస్తే లోపల మిగిలేది ఒంటరితనం.

తెలుగులో ఒక పెళ్లిచూపుల సన్నివేశం చూడాలని నా కోరిక. అమ్మాయి అబ్బాయి ముఖం వైపు చూడదు, చెవుల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. అబ్బాయి ఒక నిమిషం అర్థంకాక చూస్తాడు. తర్వాత లేచి వెళ్లి, హోరుమంటున్న కూలర్ ఆపేసి వచ్చి, 'ఇప్పుడు చెప్పండి' అంటాడు.