మీ ఉత్తరం మీరే రాయండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సభలో రిజిస్ట్రేషన్ బల్ల పక్కనే ఇంకో బల్ల వేశారు. తెలుగు కుటుంబం కథతో ఇక్కడి ఇంగ్లీషు ఛానల్లో వస్తున్న మన సీరియల్ వచ్చే ఏడాది ఉంటుందో ఊడుతుందో తెలియదు కదా, అందుకని ఛానల్‌కి పంపడానికి ముద్రించిన ఉత్తరాలు పేర్చారు. భోజనాల వరుసలోకి వెళ్తూ వెళ్తూ జనం సంతకాలు గీకేశారు. ఉత్తరం నిండా "మన సంస్కృతి", "మన జాతి గౌరవం", కింద కార్యవర్గం పేర్లు. సీరియల్ గురించి ఒక్క ముక్క లేదు.

అదలా ఉంచితే, మనసు చివుక్కుమన్నది ఇంకో చోట. నా ముందున్న పెద్దావిడ, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నావిడ, సంచిలోంచి రూళ్ళ కాగితం తీసి "నేను విడిగా రాసుకొచ్చాను బాబూ" అన్నారు. "తెలుగులోనా? ఎవరు చదువుతారండీ, ఇక్కడ సంతకం పెట్టేయండి" అన్నాడు బల్ల దగ్గర కుర్రాడు, నవ్వుతూనే. నేను అడిగి చదివాను. సీరియల్లో తండ్రి రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, ఖాళీ కంచం ముందు కూర్చుని ఫోన్లో వాళ్ళమ్మతో "తినేశానమ్మా" అంటాడే, ఆ ఘట్టం గురించి రాశారు. "మావాడూ ఇలాగే అబద్ధమాడేవాడని ఇది చూశాకే తెలిసింది. రాసినవారెవరో గానీ నా ఆశీస్సులు." మొదట్లో 'ఉభయకుశలోపరి' కూడా ఉంది, ఛానల్ వారికి!

ఛానల్‌ని కదిలించేది అలాంటి ఉత్తరమే. 1968లో స్టార్ ట్రెక్ అనే సీరియల్ ఆగిపోతుందన్నప్పుడు దాని అభిమానులైన జాన్, బీజో ట్రింబుల్ దంపతులు నడిపిన ఉత్తరాల ఉద్యమానికి, సీరియల్ కొనసాగుతుందని ఎన్‌బీసీ ఛానల్ తెరమీదే చెప్పాల్సి వచ్చింది. 1983లో సీబీఎస్ ఛానల్ ఆపేసిన కాగ్నీ అండ్ లేసీ అనే పోలీసు సీరియల్‌ని ఉత్తరాలూ, ఎమ్మీ అనే టీవీ అవార్డూ కలిసి మరుసటి ఏడు వెనక్కి తెచ్చాయి. 2007లో జెరికో సీరియల్ అభిమానులు, కథలో వచ్చే "నట్స్" అన్న మాటకి గుర్తుగా టన్నుల కొద్దీ వేరుశనగలు ఛానల్‌కి పంపి మరో 7 ఎపిసోడ్లు సాధించారు. తర్వాత అదీ ఆగిపోయిందనుకోండి. చూసేవాళ్ళు పెరగకపోతే వేరుశనగలు మాత్రం ఏం చేస్తాయి?

సంతకాలు దండగని అనను. ఎంతమందిమి ఉన్నామో వాటివల్ల తెలుస్తుంది, అందరికీ తీరికా ఉండదు. కానీ ఫోన్లో గంటసేపు ఆ సీరియల్‌ని చీల్చి చెండాడే మనకి పది వాక్యాలు రాయడం బరువా?

ఒక్క పేజీ చాలు. మీ వయసు, ఇంట్లో ఎవరెవరు కలిసి చూస్తారు, ఏ ఘట్టం దగ్గర మాట ఆగిపోయింది, ఇవి రాయండి. తిట్లూ, "ఛానల్ మానేస్తాం" అన్న బెదిరింపులూ వద్దు. ప్రకటనలిచ్చే కంపెనీకీ థాంక్స్ చెబుతూ ఒకటి వేయండి, డబ్బు వాళ్ళదే కదా. తెలుగులో రాస్తే పిల్లల చేత ఇంగ్లీషులో రాయించి జతచేయండి. పెద్ద ఛానళ్ళు కొత్త షెడ్యూలు మామూలుగా మే నెలలో ప్రకటిస్తాయి కాబట్టి ఏప్రిల్లోనే పోస్టులో పడాలి. కార్యవర్గానికి ఒక మనవి: ముద్రించినవే పంచదలిస్తే సంతకం పైన నాలుగు ఖాళీ గీతలైనా వదలండి. స్టాంపుల ఖర్చు సంఘమే పెట్టుకోవాలి.